పొడుగు చేతుల జాకెట్టు

మా ఎదురింటి టీచరమ్మ పోయిన నెల ఒక ఆదివారం పొద్దున చనిపోయారు. మందిరానికి వెళ్లడానికి చీర కట్టుకుని, బైబిలు సంచీలో పెట్టుకుని, చెప్పులు వేసుకునే ముందు ఒక్క నిమిషం కుర్చీలో కూర్చున్నారట. ఇక లేవలేదు. మా ఓనరమ్మ గోడ అవతలి నుంచి నన్ను పిలిచి, "టీచరమ్మ పోయింది, జల్ది రా" అన్నప్పుడు నేను కుక్కకి అన్నం కలుపుతున్నాను. చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాను.

జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. మంచి మనిషి, నాకు చాలా నేర్పించారు అని కూర్చున్నాను. అందులో అబద్ధం లేదు. కానీ చెప్పాల్సింది అది కాదు. ఆమె నన్ను మోసం చేశారు. పోయినవాళ్ల గురించి ఇలా అనకూడదని నాకూ తెలుసు. బతికుండగా తెలిస్తే గడప దాటి వెళ్లి మొహం మీదే అడిగేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా వెళ్లిపోయారు. అందుకని మీకు చెబుతున్నాను.

సీతాఫల్‌మండిలో మా ఓనరమ్మ ఇంటికి ఆనుకుని, గల్లీ వైపు తలుపున్న చిన్న పోర్షన్ నాది. ఒక గది, వంటిల్లు, ముందు వరండా, వరండాకి రెండు మెట్లు. ఉండేది నేనొక్కదాన్నే. పని రాంగోపాల్‌పేటలో, కట్టుడు పళ్లు చేసే ల్యాబ్‌లో. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, ఏ పన్ను ఎటు వంగిందో, ఏది అరిగిందో చూసుకుంటూ కూర్చోవడం నా ఉద్యోగం. మనిషి మొహమన్నా మర్చిపోతాను గానీ పలువరస మర్చిపోను. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

టీచరమ్మ గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, సికింద్రాబాద్‌లోనే చిన్న క్లాసుల పిల్లలకి చదువు చెబుతూ రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. కొన్నాళ్లు కాప్రాలో చెల్లెలింట్లో ఉండి, మందిరం దగ్గరవుతుందని మా గల్లీలో అద్దెకు దిగారు. సన్నటి మనిషి. మే నెలలో కూడా మణికట్టు దాకా చేతులున్న తెల్ల జాకెట్టే వేసుకునేవారు. చెమటకి వీపంతా తడిసిపోయేది. వాళ్ల సంఘంలో అది నియమమేమో అనుకున్నాను. అదే మందిరానికి వెళ్లే మిగతా ఆడవాళ్లు అందరిలాగే పొట్టి చేతులు వేసుకునేవాళ్లు. అయినా పంతులమ్మలకి వేరే పద్ధతి ఉంటుందేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఓనరమ్మని అడిగితే, "వాళ్లల్ల గంతేనేమో, మనకెందుకు" అంది. ఒకరి దేవుడి విషయం ఇంకొకరు అడగడం బాగుండదని మా ఇద్దరికీ గట్టి నమ్మకం. ఏడేళ్ల పైచిలుకు ఆ మర్యాద పాటించాం.

ఓనరమ్మకి టీచరమ్మంటే గురి కుదరడానికి కారణం ఆమె మనవరాలు. ఆ పిల్లకి రెండో క్లాసుకొచ్చినా అక్షరం ముక్క వచ్చేది కాదు. టీచరమ్మ రోజూ పిల్ల పక్కన కూర్చుని, దాని వైపు చూడను కూడా చూడకుండా, తన పాటికి తను పైకి చదువుకునేవారు. మూడు నెలలకి పిల్ల తనే పుస్తకం లాక్కుంది. "బెదిరిన పిల్లకి పాఠం వినబడదమ్మాయ్, మన గొంతే వినబడుద్ది" అనేవారు టీచరమ్మ. ఎంత ఓర్పున్న మనిషో, ఈమె దగ్గర చదివిన పిల్లలు ఎంత అదృష్టం చేసుకున్నారో అనుకునేదాన్ని.

అప్పుడే నా వరండాలో పెట్టిన నిండు గ్యాస్ సిలిండర్ ఎవరో ఎత్తుకుపోయారు. ఒంటరి ఆడదానివి, ఒక కుక్కని తెచ్చుకోమని ఓనరమ్మే సలహా ఇచ్చింది. ఆ మాట టీచరమ్మ చెవిన పడింది. మర్నాడే వచ్చారు. కాప్రా చెరువు దాటాక ఒక మాజీ మిలిటరీ ఆయన రేకుల షెడ్డు వేసి దిక్కులేని కుక్కల్ని సాకుతున్నాడని, చెల్లెలి ద్వారా తెలిసిందని, శనివారం వెళ్దామని అన్నారు.

వెళ్లాం. ఆమె గేటు దాటి లోపలికి రాలేదు. ఆ వాసన పడదన్నారు. వెనక మూలలో గోధుమ రంగుది, ఒక చెవి కొస తెగింది ఉంటుంది, అదే తెచ్చుకోమన్నారు. లోపల పది కుక్కలు తోకలూపుకుంటూ నా మీదికి ఎగబడ్డాయి. ఆ గోధుమ రంగుది మాత్రం మొహం గోడకి పెట్టుకుని వణుకుతోంది. నేను బయటికొచ్చి, కాపలాకి కుక్క కావాలంటే దానికే కాపలా కాయాల్సిన కుక్కని చూపిస్తున్నారేంటి టీచర్ అన్నాను. ఆమె నవ్వలేదు.

"ఎగబడి వచ్చేవాటిని ఎవరో ఒకరు తీసుకెళ్తారమ్మాయ్. దాన్ని నువ్వు తీసుకెళ్లకపోతే ఎవరూ తీసుకెళ్లరు."

"కరుస్తదా టీచర్?"

"లేదు. అది ఎవర్నీ కరవలేదు."

ఆ మూడు ముక్కలూ నా కళ్లలోకి చూసి చెప్పారు. ఎన్నోసార్లు తలుచుకున్నాను. చూపు తప్పించి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

సెవెన్ సీటర్ ఆటోలో టీచరమ్మ డ్రైవర్ పక్కన కూర్చున్నారు. నేను వెనక, బుట్టలో కుక్కతో. సీతాఫల్‌మండి వచ్చేసరికి నా చీరంతా దాని మూత్రమే. భయపడ్డ జీవం కదా అనుకున్నాను. ఇంటికొచ్చాక మంచం కిందికి దూరింది. ఇక బయటికి రాదు. నేను డ్యూటీకి పోయాక గిన్నె ఖాళీ చేసేది, వరండా మూలలో పని కానిచ్చుకునేది, మళ్లీ మంచం కిందికే. మొరగడమనేది దానికి తెలుసో లేదో కూడా తెలియదు. దొంగ వస్తే అది వాడికంటే ముందే దాక్కునేలా ఉందని ల్యాబ్‌లో అందరూ నన్ను ఏడిపించారు.

టీచరమ్మ రోజూ సాయంత్రం ఐదున్నరకి, నేను ల్యాబ్ నుంచి వచ్చే వేళకి వచ్చేవారు. వరండా దాటి లోపలికి రారు. పై మెట్టు మీద, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంటారు. కుడి చెయ్యి వెనక్కి చాపి, అరచెయ్యి పైకి తిప్పి వరండా గచ్చు మీద పెడతారు. అలా పెట్టి వదిలెయ్యాలి, రమ్మని అడగకూడదు, గొలుసు వేయకూడదు, పేరు కూడా పెట్టొద్దు, పేరు పెడితే పిలవాలనిపిస్తుంది, అది వచ్చాక పెట్టుకో అనేవారు. ఆమె వీపు వెనకాల ఏం జరుగుతోందో ఆమెకి కనపడదు కాబట్టి నన్ను అడిగేవారు.

"అమ్మాయ్, ఇప్పుడెక్కడుంది?"

"మంచం కిందనే టీచర్."

"పడుకుందా?"

"లేదు టీచర్, మిమ్మల్నే చూస్తుంది."

"సరే" అని ఇంకో పావుగంట కూర్చుని వెళ్లిపోయేవారు. నేను కూడా ఆమెను చూసి, ఆమె వెళ్లాక గదిలో అలాగే చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని. చేతులు తిమ్మిరెక్కేవి.

రెండో నెలలో కరిచింది. గిన్నె మంచం కింద లోపలికి జరిగిపోయిందని వంగి చెయ్యి పెట్టాను. ఎడమ మణికట్టు పట్టేసింది. రక్తం చూసి నేను అరిచిన అరుపుకి ఓనరమ్మ వచ్చింది. టీచరమ్మ ఎదురింట్లోంచి చెప్పులు కూడా లేకుండా వచ్చారు. పంపు కింద చెయ్యి పట్టించి సబ్బుతో ఎంతసేపు కడిగారో. ప్రభుత్వాసుపత్రిలో పొట్ట చుట్టూ పద్నాలుగు సూదులన్నారు. పద్నాలుగు రోజులూ ఆమె నాతో వచ్చారు. ఏ గుమ్మంలోంచి వెళితే క్యూ తక్కువో, చీటీ ఎక్కడ రాయిస్తారో అన్నీ తెలుసు. "ఇవాళ ఎడమవైపు వేయించుకో, కుడివైపుకి తిరిగి పడుకుంటే నెప్పి తెలవదు" అన్నారు. టీచర్లకి తెలియని సంగతి ఉండదు అనుకున్నాను. ఇప్పుడు నవ్వొస్తోంది.

ఓనరమ్మ మాత్రం ఖరాఖండిగా చెప్పేసింది. "గీ కుక్కనన్న పంపియ్యి, లేకుంటె నువ్వన్న ఖాళీ చెయ్యి. నా మనవరాలు ఆడుకునే జాగ ఇది." ఆమె తప్పేమీ లేదు. నాకూ సగం మనసు పంపేద్దామనే ఉంది. టీచరమ్మ ఓనరమ్మ ముందు నిలబడి, ఆ కుక్క ఇంతవరకు ఎవర్నీ ముట్టుకోలేదని, ఇది అమ్మాయి తొందరపాటని, ఇంకోసారి జరిగితే తనే దాన్ని తీసుకెళ్లిపోతానని మాటిచ్చారు. టీచరమ్మ మాట కాబట్టి ఓనరమ్మ ఒప్పుకుంది. తర్వాత నాతో అన్నారు, "నువ్వేం చేశావో గుర్తు తెచ్చుకో. ఒక కాయితం మీద రాసుకో."

రాసుకున్నాను. అదీ నా కోపం. చెయ్యి కట్టుతో కూర్చుని, ఎవర్నీ కరవని కుక్క చేత కరిపించుకున్న దౌర్భాగ్యురాలిని నేనే కదా అని, నా తప్పులన్నీ వరసగా రాసుకున్నాను. వంగాను. గిన్నె చప్పుడు చేశాను. వేరే చీర కట్టుకున్నాను. నాలో ఏదో ఉంది, మూగజీవాలకి కూడా నచ్చనిది. నాన్న పోయాక చుట్టాలు రావడం మానేసింది కూడా అందుకేనేమో అని ఎక్కడిదో ఎక్కడికో ముడిపెట్టుకుని ఏడ్చాను. ఆ కాయితం ఆమెకి చూపించాను. ఆమె చదివి, మడిచి, సంచీలో పెట్టుకున్నారు. "మీదికి వంగడం ఒక్కటే తప్పు, మిగతావి కాదు" అన్నారు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఒక్క మాట చాలు కదా నాకు. ఇది ఇంతకుముందే కరిచింది, నీ వల్ల కాదు అని.

ఇంకోరోజు కిటికీకి పరదా కుట్టుకుందామని ల్యాబ్ నుంచి చెక్క స్కేలు తెచ్చాను. అది చూడగానే కుక్క మంచం కిందే మూత్రం పోసుకుంది, పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. సాయంత్రం ఈ సంగతి చెబితే టీచరమ్మ మెట్టు మీంచి లేచారు. ఆ స్కేలు ఇలా ఇవ్వమని తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు ల్యాబ్‌కి ప్లాస్టిక్ స్కేలు కొనిచ్చారు.

మూడు నెలలు దాటాక ఒక సాయంత్రం, టీచరమ్మ లేచి వెళ్లిపోయాక, నేను వరండాలో పెరుగన్నం తింటున్నాను. మడమకి చల్లగా ఏదో తగిలింది. దాని ముక్కు. కదల్లేదు నేను. ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఎంతసేపో అలా వాసన చూసి, పక్కనే కూలబడింది. అది మళ్లీ లోపలికి వెళ్లాక ఎంగిలి చేత్తోనే ఎదురింటికి పరిగెత్తాను.

"టీచర్, అది వచ్చింది. నా దగ్గరికి వచ్చింది."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "నీ దగ్గరికి వచ్చిందా" అన్నారు. సంతోషంగానే అన్నారు. పేరు పెట్టుకో ఇక అని లోపలికి వెళ్లారు. చాలాసేపు పంపు చప్పుడు వినిపించింది. నా ఆనందంలో నేనుండి, గిన్నెలు తోముకుంటున్నారేమో అనుకున్నాను.

చిట్టి అని పేరు పెట్టాను. చిట్టి ఇప్పుడు మా గల్లీకంతా తెలిసిన మనిషి. ఓనరమ్మ మనవరాలు దాని మెడ మీద తల పెట్టుకుని హోమ్‌వర్క్ చేస్తుంది. మొరుగుతుంది కూడా, సిలిండర్ ఎత్తుకుపోయేవాణ్ణి కాదు, తెచ్చిచ్చేవాణ్ణి చూసి. కానీ టీచరమ్మ వస్తే మాత్రం ఈ ఏడేళ్లలో ఒక్కరోజు కూడా మంచం కింది నుంచి బయటికి రాలేదు. ఆమె కూర్చునే పై మెట్టు మీద కాలు కూడా పెట్టేది కాదు. గోడవారగా జరిగి, ఒక్క గెంతులో దాటేది. మీకు తెల్లచీరంటే పడదేమో టీచర్ దానికి, రంగు చీర కట్టుకొచ్చి చూడండి అని ఒకసారి వేళాకోళమాడాను. నిజంగానే మర్నాడు నీలం చీర కట్టుకొచ్చారు. అది అప్పుడూ రాలేదు. అయినా ఆమె సాయంత్రాలు రావడం మానలేదు. చనిపోయే ముందురోజు శనివారం కూడా వచ్చారు. చెయ్యి వెనక్కి చాపి, ఎక్కడుంది అమ్మాయ్ అని అడిగారు. మంచం కింద అన్నాను. సరే అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం సంఘం ఆడవాళ్లు ఆమెకి స్నానం చేయించి, కొత్త తెల్లచీర కట్టబోతున్నారు. జాకెట్టు చేతులు తొడగడానికి నన్ను సాయం పట్టమన్నారు. కుడి చెయ్యి ఎత్తాను. మోచేతికి కింద, పాత మచ్చలు. లోతుగా మూడు గుంటలు. నాలుగోది ఉండాల్సిన చోట వట్టి గీత.

నేను చూసే పలువరసల్లో మనుషులవే ఎక్కువ, కానీ ఒక్క కుక్క పలువరస మాత్రం నాకు బాగా తెలుసు. చిట్టికి పైన ఎడమవైపు కోరపన్ను సగానికి విరిగి ఉంటుంది. షెడ్డు నుంచి తెచ్చిన రోజే అలా ఉంది. అందుకే నా మణికట్టు మీద మూడు గుంటలూ ఒక గీతా. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు చూసుకుంటుంటే, నా చెయ్యి ఆమె చేతి పక్కన పెట్టి చూశాను. గుంటకీ గుంటకీ మధ్య ఎడం కూడా అంతే. నేను అప్పుడెందుకు కూలబడ్డానో పాస్టరుగారి భార్యకి గానీ ఇంకెవరికి గానీ తెలియలేదు. దుఃఖమనుకుని మంచినీళ్లిచ్చారు.

భూస్థాపన అయిన మూడో రోజు ఇల్లు సర్దడానికి కాప్రా నుంచి చెల్లెలు వచ్చారు. ఆ మచ్చ సంగతి అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయారు.

"నీకు చెప్పలేదా అమ్మా? అక్క పెంచిన కుక్కేగా అది. నీకు తెలుసనుకున్నాను."

ఆవిడ చెప్పుకొచ్చారు. రిటైరయిన కొత్తల్లో టీచరమ్మ కాప్రాలో రోడ్డు మీది కూనను తెచ్చుకున్నారట. అప్పటి టీచరమ్మ వేరట. నలభై మంది పిల్లల్ని చెక్క స్కేలుతో దారిలో పెట్టిన మనిషి, దాన్నీ అలాగే దారిలో పెట్టబోయారట. కూర్చోమంటే కూర్చోవాలి, లేకపోతే స్కేలు. పగలంతా గొలుసు. గొలుసు కొరికి కొరికి అది పన్ను విరగ్గొట్టుకుంది. ఒకరోజు స్కేలెత్తిన చెయ్యి పట్టుకుంది. పద్నాలుగు సూదులూ అయ్యాక దాన్ని ఆటోలో తీసుకెళ్లి, షెడ్డు గేటుకి కట్టేసి, ఎవరికీ చెప్పకుండా వచ్చేశారు. ఆ తర్వాత అన్నం మానేశారు, స్కేలు మానేశారు. ప్రతి శనివారం షెడ్డు గోడ పక్కన నిలబడి వచ్చేవారు.

"తిరిగి తెచ్చుకోమన్నానమ్మా. నన్ను చూస్తేనే వణుకుద్ది, నా దగ్గర బతకదు, నేను కాని మనిషి కావాలి దానికి అంది."

ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. నాకు చెప్పిన ప్రతి పాఠం ఆమె చేసిన పాపమే. గొలుసు వేయొద్దు, మీదికి వంగొద్దు, పిలవొద్దు, ఇంట్లో స్కేలు ఉంచొద్దు. ఓర్పు ఆమె సొత్తు అనుకున్నాను. ఆమె దాన్ని ఒక మూగజీవి ఒంటి మీద నేర్చుకున్నారు, తర్వాత నా ఒంటి మీద సరిచూసుకున్నారు. నిజం చెప్పి ఉంటే నేను చిట్టిని తెచ్చుకునేదాన్ని కాదు. ఓనరమ్మ ఉండనిచ్చేది కాదు. అదీ నాకు తెలుసు. ఆ అబద్ధం లేకపోతే నాకు చిట్టి లేదు, అందుకని ఆ అబద్ధాన్ని తిట్టడానికి కూడా నోరు రాదు. నన్ను ఏ మూలకీ కదలకుండా చేసి వెళ్లిపోయారు. అన్నిటికంటే ఆ కాయితం. నా తప్పుల కాయితం. ఇల్లు సర్దుతుంటే ఆమె బైబిల్లో దొరికిందని చెల్లెలు తెచ్చిచ్చారు. ఏడేళ్లు దాచారు. చించి పారేసి, అది నీది కాదమ్మాయ్, నాది అని ఒక్కసారి అనలేకపోయారా?

ఇంకా కోపంగానే ఉన్నాను. క్షమించానని రాస్తే మీకు బాగుంటుందేమో గానీ అది అబద్ధమవుతుంది. కాకపోతే ఒకటి మాత్రం ఇప్పుడే అర్థమైంది. ఆ మెట్టు మీద వెనక్కి చాపిన చెయ్యి నాకు పాఠమనుకున్నాను. పాఠం మూడు నెలలకే అయిపోయింది కదా. మిగిలిన ఏళ్లన్నీ ఆమె వచ్చింది నా కోసం కాదు. దాన్ని అడగడానికే వచ్చారు. అది ప్రతిరోజూ మంచం కింది నుంచే కాదంది. ఆ జవాబు ప్రతిరోజూ నా నోటితోనే ఆమెకి చెప్పించారు.

మొన్న ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఐదున్నర. చిట్టి వరండా అంచున పడుకుని ఉంది. ముందు కాళ్లు పై మెట్టు మీదికి జార్చి, సరిగ్గా టీచరమ్మ అరచెయ్యి పెట్టే చోట గచ్చు మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. ఆమె ఇక రాదన్న ధైర్యమో, మరేమిటో నాకు తెలియదు. లేపబుద్ధి కాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, గోడవారగా జరిగి, ఒక్క అంగలో దాటి లోపలికి వెళ్లాను.